యాభై రెండు సెకన్లు

కాలువలకు నీళ్లు వదిలిన మూడో రోజు, మంగళవారం, ఉదయం తొమ్మిది గంటల పది నిమిషాలకు ఇది మొదలైంది. మా భోజనాల బల్ల దగ్గర, గోడ వైపు కుర్చీలో మా ఆయన కూర్చున్నారు. మా మనవరాలు పచ్చడి జాడీకి ఫోన్ ఆనించి, కెమెరా ఆయన మొహానికి తిప్పి, "స్టార్ట్ తాతయ్యా" అంది. ఆయన నోరు తెరిచి పదకొండు సెకన్లు ఏమీ అనలేదు. తర్వాత "నమస్కారం" అన్నారు. పదకొండు అని నాకెలా తెలుసంటే, బల్లకు రెండో చివర నేను వాచీ, నోటుబుక్కు పెట్టుకుని కూర్చున్నాను.

నాకు టైము రాసుకునే అలవాటుంది. పాల ప్యాకెట్ వచ్చిన టైము, కరెంటు పోయిన టైము, వచ్చిన టైము, మా అమ్మాయి గన్నవరం నుంచి బయల్దేరానని ఫోన్ చేసిన టైము, నిజంగా వచ్చి గుమ్మంలో చెప్పులు విప్పిన టైము. ఇది జబ్బని మా అమ్మాయి అంటుంది. ఉద్యోగం వల్ల వచ్చిందని నేనంటాను. ముప్పై నాలుగేళ్లు టెలిఫోన్ ఆపరేటరుగా పనిచేశాను. అందులో మొదటి పదమూడేళ్లు బెజవాడ ట్రంకు బోర్డు మీద. ఏ కాల్ ఎన్నింటికి మొదలైంది, ఎన్నింటికి ముగిసింది అన్నది చీటీ మీద రాయడమే పని. ఇప్పుడు నాకు డెబ్భై ఆరు. చీటీలు పోయాయి గానీ చెయ్యి ఊరుకోదు.

మా ఆయనకు ఎనభై. ఆయన కాలువ లాకుల మీద గుమాస్తాగా చేశారు. కాలువ బెజవాడ నుంచి సముద్రం వైపు దిగుతుంది కదా, ఒక్కో చోట నీటి మట్టం నిలువునా ఆరేడు అడుగులు తగ్గుతుంది. పడవ మెట్టు దిగలేదు. అందుకని అక్కడ ఎగువన ఒక జత, దిగువన ఒక జత తలుపులు పెట్టి, మధ్యలో పడవ పట్టేంత తొట్టి కట్టారు. అదే లాకు. పడవ తొట్టిలోకి వచ్చాక వెనక తలుపు మూసి, ముందు తలుపు అడుగున ఉండే చిన్న షట్టర్లు ఎత్తుతారు. తొట్టిలో నీళ్లు ముందున్న నీళ్లతో సమం అయ్యాక తలుపు తీస్తారు. ఉప్పు, ధాన్యం, కొబ్బరికాయలు, వరిగడ్డి, అన్నీ అలా మెట్లు ఎక్కుతూ దిగుతూ వెళ్లేవి. పడవలు ఆగిపోయి నలభై ఏళ్లు దాటింది.

ఆయనకు నత్తి. ఒకే అక్షరాన్ని పట్టుకుని పదిసార్లు అనే నత్తి కాదు. ఆగిపోతారు. వాక్యం బాగానే నడుస్తుంటుంది, ఒక మాట ముందుకు వచ్చేసరికి ఆగుతుంది. పెదవులు కదలవు, కళ్లు కిందికి దిగుతాయి, మనం ఏం చెయ్యాలో తెలియక చెంగు సర్దుకుంటాం. అప్పుడు ఆ మాట వచ్చేస్తుంది, మిగతావన్నీ దాని వెనక వచ్చేస్తాయి. ఐదు సెకన్లు మామూలు. పది దాటితే కొత్తవాళ్లు ఆ మాట తామే అందించబోతారు. అది ఆయనకు అసలు నచ్చదు.

మనవరాలు రెండేళ్లుగా మా దగ్గరే ఉంటోంది. బెజవాడలో ఒక స్టూడియోలో పెళ్లి వీడియోలు కోసి అతికే ఉద్యోగం. రోజూ గన్నవరం నుంచి తిరగలేక మా ఇంటికి వచ్చేసింది. సాయంత్రం టీ దగ్గర తాతగారు చెప్పే పడవల కబుర్లు విని విని, "ఇవన్నీ వీడియోలుగా పెడదాం తాతయ్యా, ఎవరికీ తెలీదు ఇదంతా" అని పట్టుబట్టింది.

"నా మాటలు వీడియోలో వినేదెవరే?" అన్నారాయన.

"నేను చూసుకుంటాగా. నువ్వు మాట్లాడు, మిగతాది నాకొదిలెయ్."

మొదటి రోజు తీసింది పద్నాలుగు నిమిషాల ఇరవై సెకన్లు. అందులో ఆయన ఆగినవి నలభై ఎనిమిది. ఇవి కాక కుక్కరు కూతలు రెండు, మంచినీళ్లు తాగడం ఒకటి, "అది ఆదివారం కాదండీ, శనివారం" అని నేను అడ్డుపడటం మూడుసార్లు.

"పద్నాలుగు నిమిషాలు ఎవరు చూస్తారమ్మమ్మా? మాట మధ్యలో మూడు సెకన్లు గ్యాప్ వచ్చిందంటే జనం వేలితో నెట్టేసి ఇంకోదానికి పోతారు."

"మూడు సెకన్లకేనా? మేం ట్రంకు కాల్‌కు మూడు నిమిషాలు ఇచ్చేవాళ్లం."

"అందుకే మీ బోర్డు మూసేశారు" అంది గడుగ్గాయి.

ముందు కంప్యూటరుకే అప్పజెప్పింది. నిశ్శబ్దం ఎక్కడుంటే అక్కడ దానంతటదే కోసేస్తుందట. అది మాటల తోకలు కూడా కోసేసింది. మా ఆయన గొంతు పట్టాల మీద రైలు పెట్టెలు గుద్దుకున్నట్టు వినిపించింది. అప్పుడు నా నోటుబుక్కు గుర్తొచ్చింది మనవరాలికి. "నీ దగ్గర రాసే ఉందిగా, చదువమ్మమ్మా" అంది. నేను కళ్లజోడు పెట్టుకుని చదివాను. నాలుగో నిమిషం పన్నెండో సెకను దగ్గర ఏడు. ఐదు నిమిషాల మూడు దగ్గర తొమ్మిది. అది చేత్తో ఒక్కొక్కటే తీసేస్తూ పోయింది. రెండు సాయంత్రాలు పట్టింది. మిగిలింది ఐదు నిమిషాల ఐదు సెకన్లు. ఈ వయసులో నా లెక్క ఒకరి పనికి సాయపడిందని నాకు గర్వంగా అనిపించింది. ఆ మాట దాచుకోను.

ఆ వీడియో ఆయనకు చూపించాం. ఆయన సోఫాలో ముందుకు జరిగి కూర్చున్నారు. తెర మీద ఆయన గొంతే, ఆయన మాటలే. ఎక్కడా ఆగకుండా, వర్షం తర్వాత పిల్లకాలువ పారినట్టు పారుతున్నాయి.

"ఇది నేనేనా?"

"నువ్వే తాతయ్యా."

నాలుగుసార్లు చూశారు. ఐదోసారి ఫోన్ పట్టుకుని మా అపార్ట్‌మెంటు డాబా మీదికి వెళ్లి ఒక్కరే చూసుకున్నారు. ఎనభై ఏళ్ల మనిషి తన నోటి నుంచి ఒక కబురు మొదలై ఆగకుండా చివరిదాకా వెళ్లడం మొదటిసారి విన్నారు. కిందికి వచ్చాక కళ్లజోడు తుడుచుకుంటూ, "ఇంకోటి ఎప్పుడు తీద్దాం?" అని అడిగారు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. నాకు ఆయన మొదట పరిచయమైంది నిశ్శబ్దంగానే.

ట్రంకు బోర్డు మీద ఆపరేటరు మధ్యమధ్యలో లైనులోకి వెళ్లి వినాలి. మాటలు వినపడకపోతే "మాట్లాడుతున్నారా?" అని అడగాలి. రెండుసార్లు అడిగినా జవాబు లేకపోతే ప్లగ్గు పీకేయాలి. వెనక ఇంకా పదిమంది లైను కోసం కాచుకుని ఉంటారు. బందరు కాలువ మీది ఒక లాకు నుంచి రోజూ ఉదయం ఏడింటికి గుమాస్తా ఒకాయన ఫోన్ చేసి, బెజవాడలో వాళ్ల ఆఫీసుకు నీటి మట్టాలు చెప్పేవారు. పై మట్టం ఇంత, కింది మట్టం ఇంత. రెండే అంకెలు. ఆ రెండు చెప్పేలోపు మా వాళ్లు రెండుసార్లు ప్లగ్గు పీకేవారు. "అదుగో, నీ బందరు కాలువ మౌనస్వామి వచ్చాడు, నువ్వే చూసుకో" అని నా వైపు తోసేవారు.

తెగిపోయిన లైను ఎండిపోయినట్టు ఉంటుంది, చెవికి తెలుస్తుంది. ఆయన లైను అలా ఉండేది కాదు. ఊపిరి వినపడేది. ఊపిరి వెనకాల నీళ్లు దూకుతున్న చప్పుడు ఉండేది. అందుకని నేను ప్లగ్గు మీద చెయ్యి వేసేదాన్ని కాదు. "లైను ఉందండీ, మాట్లాడండి" అనేదాన్ని. ఎనిమిది నెలలు అలా జరిగింది. తర్వాత ఆయన తమ ఆఫీసు వాళ్ల ద్వారా ఆరా తీయించి, పెద్దవాళ్లను మా ఇంటికి పంపించారు. పెళ్లిచూపుల్లో మా నాన్న ఆయన పేరు అడిగితే మాట ఆగిపోయింది. మా అమ్మ మొహం మాడిపోయింది. నేను తల వంచుకునే, "లైను ఉందండీ, మాట్లాడండి" అన్నాను. ఆయనకు ముందు నవ్వొచ్చింది, తర్వాత పేరు వచ్చింది. యాభై మూడేళ్లయింది. ఇప్పటికీ నాకు కోపం వచ్చి మాట్లాడటం మానేస్తే, వంటింటి గుమ్మంలో నిలబడి "లైను ఉందా?" అని అడుగుతారు.

నాలుగో వీడియో ఆ నీటి మట్టాల ఫోన్ గురించే. అందులో నా ప్రస్తావన వచ్చింది. కోసిన తర్వాత అది ఇలా ఉంది: "అటువైపు ఒక ఆపరేటరమ్మాయి ఉండేది, ఆ అమ్మాయినే చేసుకున్నాను." కూరగాయల బేరంలాగా అంత గబగబా వచ్చేసింది. జనానికి అదే నచ్చింది. నవ్వు బొమ్మలు కుప్పలుగా పెట్టారు. నా నోటుబుక్కులో ఆ వాక్యం మధ్య, "ఉండేది" తర్వాత, ఇరవై మూడు అని ఉంది. అది నేనే చదివి తీయించాను.

ఆ తర్వాతి వారం, బుధవారం ఉదయం, మేమిద్దరం లిఫ్టులో దిగుతున్నాం. మూడో అంతస్తులో ఉండే ఆయన ఎక్కారు. బ్యాంకులో చేసి రిటైరయ్యారు, మంచి మనిషే.

"ఏంటి మాస్టారూ, ఇన్నాళ్లూ మాకు తెలీనే లేదు! వీడియోలో గలగలా మాట్లాడేస్తున్నారు. మా దగ్గర మాత్రం మౌనవ్రతమా? ఏదీ, ఆ కొబ్బరికాయల పడవ సంగతి మళ్లీ చెప్పండి, మీ నోట వింటాను."

మా ఆయన నోరు తెరిచారు. లిఫ్టు రెండు దాటింది, ఒకటి దాటింది. కిందికి వచ్చి తలుపు తెరుచుకుంది. మాట రాలేదు. "సర్లెండి, సర్లెండి, తర్వాత" అని ఆ బ్యాంకాయన మా ఆయన భుజం తట్టి వెళ్లిపోయారు.

ఆ రోజు నుంచి మా ఆయన లిఫ్టు ఎక్కడం మానేశారు. ఎనభై ఏళ్ల మోకాళ్లతో నాలుగు అంతస్తులు మెట్ల మీదే. సాయంత్రం టీ దగ్గర కబుర్లు కూడా ఆగిపోయాయి. ఎవరైనా పడవల సంగతి అడిగితే ఫోన్ తీసి వీడియో పెట్టి చేతికిచ్చేవారు. చివరికి నేనడిగినా అంతే. "అది మూడో వీడియోలో ఉంది, చూడు" అన్నారు ఒకరోజు. యాభై మూడేళ్లు వేచి వేచి విన్నదాన్ని, నన్ను వీడియో చూసుకోమన్నారు. కెమెరా ముందు మాత్రం మాట్లాడేవారు. అక్కడ ఆగినా పర్వాలేదు, ఎవరికీ కనపడదు. టీ టైము అంతకుముందు ముప్పై ఐదు నలభై నిమిషాలు పట్టేది. ఇప్పుడు తొమ్మిది నిమిషాల్లో అయిపోతోంది. అది కూడా రాసుకున్నాను. మనవరాలితో అంటే, "నెమ్మదిగా అలవాటవుతుందిలే అమ్మమ్మా" అంది. ఏది ఎవరికి అలవాటు కావాలో నాకు అర్థం కాలేదు. ఇక ఈ మనిషి ఇంట్లో నోరు విప్పరేమోనని నాకు భయం పట్టుకుంది.

ఏడో వీడియో లాకు దగ్గరే తీయాలని మనవరాలు అంది. ఆదివారం ఉదయం కారు మాట్లాడుకుని ఆయన పనిచేసిన పాత లాకు దగ్గరికి వెళ్లాం. తలుపులు తుప్పు పట్టి ఒకటి పక్కకు ఒరిగింది. నీళ్లు మాత్రం ఎప్పటిలాగే బురద రంగులో పారుతున్నాయి. ఆయన గట్టు మీద నిలబడి పడవ లోపలికి ఎలా వచ్చేది, వెనక తలుపు ఎలా మూసేవారు, అన్నీ చెప్పారు. "అప్పుడు షట్టరు ఎత్తుతాం" అన్నారు. అని ఆగారు. నేను వాచీ చూశాను. ఇరవై. ముప్పై. నలభై. ఇంతసేపు ఎన్నడూ ఆగలేదు. యాభై రెండు దగ్గర "తలుపు తీస్తాం" అని వినపడింది. "52, తీసెయ్యాలి" అని రాసి కింద గీత కూడా గీశాను.

"ఇంత పెద్దదా!" అంది మనవరాలు సోమవారం కోసేటప్పుడు.

"ఆ గాలికి మాట పట్టేసినట్టుంది పాపం. తీసెయ్యి" అన్నాను.

సాయంత్రం ఆరింటికి, ఆయన నడకకు వెళ్లినప్పుడు, వీడియో పెట్టేసింది. ఆయన వచ్చి కాళ్లు కడుక్కునేసరికి ఆరూ యాభై. అప్పుడు ఆయన ఫోన్ మోగింది. మనవరాలు స్పీకరు పెట్టి బల్ల మీద ఉంచింది.

"గుమాస్తాగారూ, దండాలండీ. నేనండీ, ఉయ్యూరు నుంచి. ఉప్పు పడవ సరంగుని."

మా ఆయన మొహం వెలిగింది. ఇరవై రెండేళ్లు ఆ లాకు గుండా ఉప్పు పడవ నడిపిన మనిషి. మేము చూసి పదేళ్లయింది.

"మా మనవరాలు చూపించిందండీ మీ వీడియో. బాగా మాట్లాడారండీ, మీరు కాదేమో, ఇంకెవరో అనుకున్నా. కానీ గుమాస్తాగారూ, అదేంటండీ అట్టా చేశారు?"

ఆయన కనుబొమలు ముడిపడ్డాయి.

"షట్టరు ఎత్తిన ఎమ్మటే తలుపు తీసేశారేంటండీ? చెయ్యెత్తలేదేంటండీ? నీళ్లు సమం కాకుండా తలుపు కదిపితే నా పడవ ఏమైపోవాల? గోడకి కొట్టుకుని రెండు ముక్కలైపోద్ది గదండీ. మీ లాకులో ఒక్క పడవకి గీత పడింది లేదని ఊరంతా చెప్పుకుంటా ఇన్నాళ్లూ. ఇయ్యాల మా మనవరాలు అడిగింది, ఇట్టానే తీసేవాళ్లా తాతా అని. ఏం చెప్పేదండీ?"

మా ఆయన జవాబు చెప్పబోయి ఆగిపోయారు. ఫోన్ తెర మీద సెకన్లు నడుస్తున్నాయి. లైను తెగిందనుకుని మనవరాలు వేలు ముందుకు చాపింది. నేను దాని చెయ్యి పట్టుకున్నాను. సరంగు "హలో" అనలేదు, "వినపడతందా" అనలేదు. అటువైపు అతను ఊరికే ఉన్నాడు. పద్నాలుగో సెకను దగ్గర మా ఆయనకు మాట వచ్చింది.

"ఎత్తాను. చెయ్యి ఎత్తానయ్యా నేను."

ఫోన్ పెట్టేశాక వీడియో చూశారు. "షట్టరు ఎత్తుతాం. తలుపు తీస్తాం." రెండు వాక్యాల మధ్య ఈగ దూరే సందు లేదు.

"నా చెయ్యేదే?" అని మనవరాలిని అడిగారు.

"అది గ్యాప్ తాతయ్యా. నువ్వు ఆగావు కదా అక్కడ..."

"ఆగలేదు. నీళ్లు వింటున్నా."

అప్పుడు నాకు గుర్తొచ్చింది. షట్టరు ఎత్తగానే ఆయన కుడిచెయ్యి పైకెత్తేవారు. ఆ చెయ్యి పైన ఉన్నంతసేపూ గట్టు మీద ఎవరూ మాట్లాడకూడదు. నీళ్లు మొదట హోరున వస్తాయి, తర్వాత గుడగుడమంటాయి, తర్వాత చప్పుడు ఆగుతుంది. ఆగాక ఇంకో పది లెక్కపెట్టి చెయ్యి దించేవారు. అప్పుడు తలుపు. పెళ్లైన కొత్తలో సెలవులకు లాకు క్వార్టరుకు వెళ్లినప్పుడు ఆ చెయ్యి నేనెన్నోసార్లు చూశాను. ఆదివారం కూడా ఆయన చెయ్యి ఎత్తే నిలబడ్డారు. నేను ఆయన్ని చూడటం లేదు. వాచీ చూస్తున్నాను.

"అసలుది పెట్టెయ్యి, మళ్లీ అతికించి" అన్నాను మనవరాలితో.

అది పెదవి కొరుక్కుంది. "లేదమ్మమ్మా. ఫోన్ నిండిపోతోందని, పెట్టిన వెంటనే అసలువన్నీ తీసేస్తున్నా. ఏడూ లేవు."

నేను నోటుబుక్కు తెచ్చి ఆ పేజీ ఆయన ముందు పెట్టాను. "దాని తప్పు కాదండీ. నేనే తీసెయ్యమన్నాను" అన్నాను. ఆయన ఆ అంకెను, దాని కింద గీతను కాసేపు చూశారు.

"నిజానికి పన్నెండు నిమిషాలు ఆగాలి. జనానికి విసుగొస్తుందని నేనే యాభైకి తగ్గించా" అన్నారు. ఆ మాట ఏ ఆగడమూ లేకుండా వచ్చింది. తిట్టినా బాగుండేది. మా బోర్డు మీద అందరూ ప్లగ్గు పీకినప్పుడు పీకనిదాన్ని, ఈ వయసులో పీకాను.

మనవరాలు రెండు దారులు చెప్పింది. తెర మీద "నీళ్లు సమం అయ్యాక" అని ఒక లైను రాసేయడం ఒకటి. మళ్లీ తీసి, ఆ చెయ్యి ఒక్కటి ఉంచి, మిగతా గ్యాప్‌లు తీసేయడం రెండోది. రెండోది నాకూ బాగానే అనిపించింది.

"వద్దు" అన్నారాయన. "చెయ్యి నాది, నోరు ఇంకెవరిదో అయితే ఎట్లా? సరంగు అన్నది విన్నావుగా, ఎవరో అనుకున్నాడట. ఏదీ కొయ్యకు."

"అలా అయితే ఆరు వీడియోలు చూసినవాళ్లందరికీ తెలిసిపోతుంది తాతయ్యా" అంది అది మెల్లగా.

మర్నాడు పొద్దున్నే కాఫీ దగ్గర నన్ను అడిగారు.

"లిఫ్టాయన చూస్తాడుగా?"

"చూస్తారు."

"నవ్వుతాడా?"

"నవ్వొచ్చు."

"ఎంతసేపు?"

"మూడు సెకన్లు. ఆపైన వేలితో నెట్టేస్తారట."

ఆయనకు నవ్వు ఆగలేదు. కాఫీ లుంగీ మీద ఒలికింది. "శుక్రవారం వెళ్దాం" అన్నారు.

శుక్రవారం ఉదయం ఏడూ ఐదుకు మళ్లీ లాకు గట్టు మీద ఉన్నాం. సరంగు ఉయ్యూరు నుంచి బస్సులో వచ్చాడు. డెబ్భై ఎనిమిదేళ్లు, చేతిలో కర్ర, చంకలో జామకాయల సంచి. మనవరాలు అతన్ని కెమెరా వెనక నిలబడమంది.

"అమ్మాయ్, నేనేం మాట్లాడను. సూస్తా నిలబడతా" అన్నాడు.

ఆ రోజు మా ఆయన చాలా చోట్ల ఆగారు. "లాకు" అనే మాట దగ్గరే రెండుసార్లు ఆగారు. మనవరాలు మాట అందించబోయి నోరు మూసుకోవడం చూశాను. "అప్పుడు షట్టరు ఎత్తుతాం" అన్నారు. కుడిచెయ్యి పైకి లేచింది. వెంటనే కెమెరా వెనక సరంగు కర్ర వదిలేసి వంగి, తాడు కట్టే పాత రాతి గుంజను రెండు చేతులా పట్టుకున్నాడు. అక్కడ పడవ లేదు, తాడు లేదు. నీళ్ల చప్పుడు వినపడింది. దూరంగా రోడ్డు మీద ఒక బస్సు వెళ్లింది. ఒక పిట్ట తలుపు మీద వాలి, ఎగిరిపోయింది. నేను ఆయన చేతినే చూస్తున్నాను. చెయ్యి దిగింది.

"సమం!" అని కేకేశాడు సరంగు, మాట్లాడనన్న మనిషి. అది కూడా వీడియోలో ఉంది.

"తలుపు తీస్తాం" అన్నారు మా ఆయన.

నిడివి పదకొండు నిమిషాల ఎనిమిది సెకన్లు. చెయ్యి పైన ఉన్నది ఒక నిమిషం నాలుగు. ఇవి తర్వాత వీడియో చూసి రాసుకున్నవి. ఆ రోజు నా వాచీ సంచిలో ఉంది. మనవరాలు అందులో ఒక్క సెకను కూడా తీయలేదు. ఇది చూసినవాళ్లు తక్కువ. "నెట్ స్లోగా ఉందా, బొమ్మ ఆగిపోయింది" అని ఒకరు రాశారు. దానికి మేము ముగ్గురం కడుపు పట్టుకుని నవ్వాం. పాత ఏడో వీడియో మా ఆయన తీయించేశారు. మిగతా ఆరూ మళ్లీ చెబుతారా అని మనవరాలు అడిగితే, "చెప్పిందే చెప్తే ఎవరు వింటారే" అన్నారు.

మరుసటి సోమవారం లిఫ్టులో మూడో అంతస్తాయన కలిశారు. మా ఆయన కోసం నేనే ఆ రోజు లిఫ్టు బటన్ నొక్కాను.

"మాస్టారూ, మీరు చెయ్యి దించేదాకా చేతిలో టీ తాగలేదండీ నేను. చల్లారిపోయింది. ఇంతకీ ఆ కొబ్బరికాయల పడవ ఏమైందండీ?"

మా ఆయన చెప్పడం మొదలుపెట్టి ఆగారు. లిఫ్టు కిందికి వచ్చింది, తలుపు తెరుచుకుంది, మళ్లీ మూసుకోబోయింది. మూడో అంతస్తాయన కాలు అడ్డం పెట్టి నిలబడ్డారు. ఎనిమిది సెకన్ల తర్వాత కొబ్బరికాయల పడవ బయల్దేరింది. ఆ సాయంత్రం మా ఇంట్లో టీ నలభై రెండు నిమిషాలు పట్టింది.

ఇక పోయినవి. ఏడు వీడియోలకు తీసింది మొత్తం గంటా నలభై ఏడు నిమిషాల ముప్పై సెకన్లు. జనానికి పెట్టింది ముప్పై తొమ్మిది నిమిషాల ఐదు సెకన్లు. పోయింది గంటా ఎనిమిది నిమిషాల ఇరవై ఐదు సెకన్లు. అందులో చెయ్యెత్తిన యాభై రెండు సెకన్లు మళ్లీ తీసుకున్నాం కాబట్టి అవి తీసేస్తే, గంటా ఏడు నిమిషాల ముప్పై మూడు సెకన్లు. వాటితో పాటు కుక్కరు కూతలు తొమ్మిది, మంచినీళ్లు తాగడాలు పదకొండు, నేను అడ్డుపడి తేదీలు సరిచేసినవి పదహారు. లిఫ్టు బుధవారం నుంచి లాకు ఆదివారం దాకా, మాటల్లేని సాయంత్రాలు పందొమ్మిది. నాలుగో వీడియోలో "అటువైపు ఒక ఆపరేటరమ్మాయి ఉండేది" అన్న తర్వాత, ఇరవై మూడు సెకన్లు.